గడ్డం కింది పిడి

"పిడి ఎక్కడ పెట్టారో చెప్పేదాకా నోరు తెరవను," అంది యాసెంకా.

మాండా చేతిలో చెంచా గాలిలోనే ఆగింది. పాలు పోసి ఉడికించిన మొక్కజొన్న గంజి ఒక చుక్క జారి, కూతురి మెడ కింద కట్టిన తువ్వాలు మీద పడింది. మాండా దాన్ని తుడిచింది.

"అడుగుతున్నాను కదమ్మా."

"తెరవనన్నావుగా. మరి మాట్లాడుతున్నావేం? తిను."

యాసెంకా తల కుడివైపు తిప్పి మళ్ళీ చూసింది. కుర్చీ పక్క చట్రానికి రెండు స్క్రూ రంధ్రాలు ఖాళీగా కనిపించాయి. నిన్న రాత్రి దాకా అక్కడి నుంచి ఒక ఇనప చెయ్యి వంగి వచ్చి సరిగ్గా ఆమె గడ్డం కింద ఆగేది. దాని చివర రేగుపండంత పిడి. గడ్డంతో ముందుకు నొక్కితే కుర్చీ ముందుకు నడిచేది, పక్కకు నెడితే పక్కకు తిరిగేది. ఏడేళ్ళ కిందట అక్రోటు చెట్టు మీద నుంచి పడి మెడ విరిగినప్పటి నుంచి భుజాల కింద ఉన్నదేదీ ఆమె మాట వినడం లేదు. ఆ పిడి వినేది.

పొద్దున భర్త బెరిస్లావ్ ఆమెను ఎత్తే యంత్రంతో మంచం మీద నుంచి లేపి కుర్చీలో దించాడు. పట్టీలు బిగించాడు. ఆమె ముఖంలోకి చూడకుండా కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కిటికీ దగ్గరికి పోదామని యాసెంకా గడ్డం ముందుకు చాచింది. గాలి తగిలింది.

ఇది శుక్రవారానికి శిక్ష. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బయలుదేరింది. ట్రామ్ లైను దాటుతుంటే కుర్చీ ముందు చక్రం పట్టా గాడిలో ఇరుక్కుంది. రెండో నంబరు ట్రామ్ పన్నెండు నిమిషాలు ఆగిపోయింది. నలుగురు ప్రయాణికులు దిగి, కుర్చీని ఆమెతో సహా ఎత్తి పక్కన పెట్టారు. మర్నాడు ఒసియెక్ ఊరి పేపర్లో ఫొటో వేశారు. ఒకప్పుడు ఇదే లైనులో తొమ్మిదేళ్ళు ట్రామ్ నడిపిన మనిషి అని కింద రాశారు. ఆమె ఎక్కడికి బయలుదేరిందో పేపరు వాళ్ళకు తెలియదు. ఇంట్లో వాళ్ళు అడిగితే గాలి మార్పుకని చెప్పింది.

శనివారం ఇంట్లో అరుపులతో గడిచింది. ఆదివారం ఎవరూ మాట్లాడలేదు. సోమవారం కూడా అంతే. ఇవాళ మంగళవారం.

"అల్లుడే తీశాడు," అంది మాండా చివరికి. "నేనూ వద్దనలేదు. వర్క్‌షాప్‌కి పట్టుకుపోయాడు."

"నీ చేతులు ఎవరైనా విప్పి పట్టుకుపోతే ఊరుకుంటావా?"

"నా చేతులు నన్ను ట్రామ్ కిందికి తీసుకుపోలేదు."

ఆ మాట అనేసి మాండా గిన్నె బల్ల మీద పెట్టింది. కుర్చీ వెనక తోసేవాళ్ళ కోసం ఇంకో చిన్న పిడి, ఒక స్విచ్ ఉన్నాయి. స్విచ్ అటు తిప్పితే కుర్చీ వెనక నిలబడ్డవాళ్ళది, ఇటు తిప్పితే కూర్చున్నవాళ్ళది. మాండా ఆ వెనక పిడి పట్టుకుని, ఎక్కడికి కావాలంటే అక్కడికి తానే తీసుకుపోతానంది. ద్రావా నది ఒడ్డుకా, చర్చికా, బజారుకా, నోరు తెరిచి చెప్తే చాలునంది.

"అదేనమ్మా. చెప్పాలి," అంది యాసెంకా. "దాహం వేస్తే చెప్పాలి. ముక్కు దురద పెడితే చెప్పాలి. విరేచనమైందీ లేనిదీ చెప్పాలి. ఎక్కడికి పోతున్నానో అదొక్కటే ఎవరికీ చెప్పకుండా పోయేదాన్ని. అది కూడా తీసేసుకున్నారు."

మాండా ముఖం గట్టిపడింది. ఏడేళ్ళుగా ఆ విరేచనం ఎత్తిపోసేది ఎవరో తెలుసా అని అడిగింది. యాసెంకాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ ప్రశ్నకు ఎప్పుడూ జవాబుండదు. తల్లి అది అడిగిన ప్రతిసారీ గొడవ అక్కడితో ఆగిపోతుంది.

ఈసారీ ఆగిపోయింది. మాండా కుర్చీని కంప్యూటర్ ముందుకు తోసి, స్విచ్ తన వైపు తిప్పి, ఊరగాయకు క్యాబేజీలు తేవాలని సంచులు తీసుకుని బజారుకు వెళ్ళింది.

కంప్యూటర్ తెర కింద వేలెడంత నల్ల కెమెరా ఉంటుంది. అది ఆమె కళ్ళను కనిపెట్టుకుని ఉంటుంది. తెర మీద ఏ అక్షరాన్ని చూస్తూ ఒక్క క్షణం చూపు నిలిపితే ఆ అక్షరం పడుతుంది. ఇంటి దీపాలు, కిటికీ తెరలు, ఫోను, వీధి తలుపు గడియ, తలుపు దగ్గరి కెమెరా, మైకు అన్నీ ఆ తెరకే కలిపి ఉన్నాయి. వాటన్నిటికీ తీగలు లాగింది బెరిస్లావే. రెండు వేసవి సెలవులు దానికే పెట్టాడు.

ట్రామ్ డిపో నుంచి ఇంకేమైనా వచ్చిందేమోనని ఆమె మెయిల్ తెరిచింది. వచ్చింది.

'మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం. గురువారం పరీక్షకు మీ స్థానంలో జాబితాలోని తర్వాతి అభ్యర్థిని పిలుస్తున్నాం,' అని నియంత్రణ గది అధికారిణి బ్లాజెన్కా సంతకంతో ఉంది.

యాసెంకా దాన్ని మూడుసార్లు చదివింది. ఏ నిర్ణయం? శుక్రవారం తాను బయలుదేరింది డిపోకే. నియంత్రణ గదిలో ఉద్యోగానికి దరఖాస్తు చేత్తో ఇచ్చి రావాలని. ట్రామ్‌లు ఎక్కడున్నాయో తెర మీద చూస్తూ డ్రైవర్లతో రేడియోలో మాట్లాడే పని. దానికి కళ్ళూ గొంతూ చాలు, లైన్లు తెలిసి ఉండాలి. అవి మూడూ తనకున్నాయి. పట్టాల దగ్గర అవమానం జరిగాక, అదే సాయంత్రం దరఖాస్తు మెయిల్లో పంపింది. సోమవారం పొద్దున జవాబు వచ్చింది, గురువారం పరీక్షకు రమ్మని. బుధవారం ఇంట్లో చెప్పాలనుకుంది. ఇంకేం చెప్పేది?

పంపిన ఉత్తరాల పెట్టె తెరిచింది. నిన్న సాయంత్రం, తనకు పక్కమీద ఒళ్ళు తుడుస్తున్న సమయంలో, తన పేరుతో ఒక ఉత్తరం వెళ్ళింది.

'ఆరోగ్య కారణాల వల్ల నేను పరీక్షకు రాలేను. నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. ఇదే మంచిదని నా కుటుంబం కూడా భావిస్తోంది. యాసెంకా.'

ఒక్క అక్షరం తప్పు లేదు. అంత ఉత్తరం కళ్ళతో రాయాలంటే ఆమెకు అరగంట పట్టేది, మధ్యలో రెండుసార్లు కళ్ళు మంట పుట్టేవి. ఇది పది వేళ్ళున్నవాడు రెండు నిమిషాల్లో కొట్టి పారేసిన ఉత్తరం. ఆమెకు ఒళ్ళు తుడిచే పని మాండాకు వదిలి, బెరిస్లావ్ పక్క గదిలో కూర్చుని కొట్టాడు.

ఒంట్లో ఎక్కడ కోపం వస్తుందో ఆమెకు ఇప్పుడు తెలియదు. ఒకప్పుడు కడుపులో వచ్చేది, చేతుల్లోకి పాకేది. ఇప్పుడు దవడల్లో ఆగిపోతోంది. పళ్ళు బిగపట్టి ఫోను మీద చూపు నిలిపింది.

బ్లాజెన్కా ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత చిరాకు పడింది. ఆమె ఈ ఊరికి బదిలీ మీద వచ్చి ఏడాది. యాసెంకాను ఎప్పుడూ చూడలేదు. ఆ ఉత్తరం తాను రాసింది కాదని యాసెంకా చెప్పింది. ఎవరు రాశారని ఆమె అడిగితే, వచ్చి చెప్తానంది.

"చూడండి," అంది బ్లాజెన్కా. "తర్వాతి ఆయన పేరు ఇవాళ నాలుగింటికి డైరెక్టర్ దగ్గరికి పోతుంది. ఆ లోపు మీరు వచ్చి నా ముందు కూర్చుంటే పేరు మార్చగలను. ఇంకో సంగతి. ఎవరో తోసుకొచ్చి కూర్చోబెడితే లాభం లేదు. గదిలో నిప్పంటుకుంటే మీ అంతట మీరు బయటికి పోగలగాలి. అది రూలు, నేను పెట్టింది కాదు."

"వస్తాను," అంది యాసెంకా. "నా అంతట నేనే వస్తాను."

తర్వాత విన్కోకు ఫోను చేసింది. విన్కో ద్రావా మీద ఇసుక పడవలు నడిపినవాడు. పడవ మీద నుంచి ఖాళీ ఇసుక అరలోకి పడి మెడ విరగ్గొట్టుకుని ఇరవై ఏళ్ళు. అతనిదీ ఆమెదీ ఒకే కంపెనీ కుర్చీ. అతను మాత్రం నోట్లో గొట్టం పెట్టుకుని, ఊపిరితో నడుపుతాడు. యాసెంకా అతనికి జరిగినదంతా చెప్పింది.

"పాత గొట్టం ఒకటి మా చెల్లి దగ్గరుంది," అన్నాడు. "పనిచేస్తుంది. రెండింటికల్లా వస్తా. వాళ్ళని మాత్రం ఊరికే వదలకు."

ఆమె వదల్లేదు. తెర మీద వీధి తలుపు బొమ్మ చూసి, గడియ మీద చూపు నిలిపింది. హాల్లో టక్కున శబ్దమైంది. ఆ లోపలి గడియ పడితే బయటి నుంచి ఏ తాళంచెవీ పనిచెయ్యదు. దొంగల భయంతో బెరిస్లావే అలా పెట్టించాడు.

పదకొండున్నరకు మాండా తిరిగొచ్చింది. రెండు చేతుల్లో క్యాబేజీ సంచులతో, తలుపు కెమెరాలో ఆమె ముఖం వెడల్పుగా, చిన్న కళ్ళతో కనిపించింది. తాళం తిప్పింది. మళ్ళీ తిప్పింది. గడియ పడినట్టుంది, తియ్యమంది.

"తియ్యను," అంది యాసెంకా మైకులో.

"ఏం తమాషా ఇది?"

"తమాషా కాదు. పిడి తీసుకుని ఆయన్ని రమ్మను. అప్పుడు తీస్తాను."

మాండా సంచులు కింద పెట్టింది. గొంతు తగ్గించి బతిమాలింది, తర్వాత గొంతు పెంచి తిట్టింది. పై అంతస్తు మెట్ల మీద ఎవరివో అడుగులు వచ్చి ఆగిపోయాయి. ఊరంతా పేపర్లో చూసింది చాలక ఇప్పుడు గుమ్మంలో కూడా చూడాలా అని మాండా అడిగింది. చూడనీ అంది యాసెంకా. మాండా అల్లుడికి ఫోను చేసి మెట్టు మీద చతికిలబడింది.

బెరిస్లావ్ వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. వర్క్‌షాప్ నీలం కోటు మీదే వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. యాసెంకా ముందు చూసింది ఆ చేతుల్నే.

"తలుపు తియ్యి, యాసా."

"పిడి తెచ్చావా?"

"ముందు తలుపు తియ్యి. లోపల మాట్లాడుకుందాం."

"నా పేరుతో డిపోకి ఉత్తరం రాశావు."

బెరిస్లావ్ కెమెరా వైపు చూడటం మానేసి నేలను చూశాడు. మాండా మెట్టు మీద నుంచి లేచింది. ఏం ఉత్తరం, ఏ డిపో అని అడిగింది. యాసెంకాయే మైకులో చెప్పింది, దరఖాస్తు దగ్గర నుంచి కుటుంబం మాట దాకా. పై మెట్ల మీది అడుగులు కూడా కదలకుండా విన్నాయి.

"నా కుటుంబం కూడా భావిస్తోందా?" అంది మాండా అల్లుడితో. "నేను ఎప్పుడు భావించాను? పిడి తీస్తానంటే సరే అన్నాను. ఈ ఉత్తరం సంగతి నాకు చెప్పావా నువ్వు?"

"అత్తయ్యా, ఇప్పుడు కాదు."

"ఇప్పుడే," అంది యాసెంకా. "వెళ్ళి పిడి తీసుకురా. మూడు గంటలకు నేను బయలుదేరాలి."

బెరిస్లావ్ తలెత్తి నేరుగా కెమెరాలోకి చూశాడు.

"తేవడానికి లేదు. కోసేశాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు. కంపెనీ ఇచ్చిన ఇనప చెయ్యి మొదట్లో కిందికి జారిపోయేది. గడ్డానికి అందకపోతే ఆమె దారి మధ్యలో ఆగిపోయేది. అప్పుడు బెరిస్లావే ఆమె గడ్డం కింద అట్టముక్క పెట్టి కొలతలు తీసుకుని, రెండు నెలల ఆదివారాలు లేతు యంత్రం ముందు కూర్చుని కొత్తది చేశాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది. పునరావాస కేంద్రం వాళ్ళు ఫొటో తీసుకుపోయారు.

"అది నువ్వు చేసింది," అంది.

"నేను చేసింది కాబట్టే కోశాను."

యాసెంకాకు తల వెనక ఎవరో సుత్తితో మెల్లగా కొట్టడం మొదలుపెట్టినట్టుంది. కోపం వల్లనుకుంది. ముఖం మంటెక్కింది, నుదుట చెమట పట్టింది. ముక్కు బిగుసుకుపోయింది. అప్పుడు తెలిసింది, ఇది కోపం కాదని.

మూత్రం సంచి గొట్టం ఎక్కడో మడతపడింది. మెడ విరిగినవాళ్ళకు మూత్రం ఆగితే కడుపు నొప్పి తెలియదు. రక్తపోటు ఒక్కసారిగా పైకి లేచి తలలో కొడుతుంది. అలాగే వదిలేస్తే మెదడులో నరం చిట్లుతుంది. ఆమెకు ఎంతసేపు టైముందో తెలియదు. పది నిమిషాలు ఉండవచ్చు, ఉండకపోవచ్చు.

తెర మీద గడియ బొమ్మ రెండుగా కనిపిస్తోంది. ఇప్పుడు తీస్తే ఓడిపోయినట్టే. తియ్యకపోతే చచ్చిపోయినట్టు. ఈ రెండింటి మధ్య తనకు ఇంకో దారి లేకపోవడం మీద ఆమెకు వచ్చిన కోపం, భర్త మీద వచ్చినదాని కంటే పెద్దది. చూపు కూడదీసుకుని గడియ మీద నిలిపింది.

తలుపు తెరుచుకుంది.

"గొట్టం," అంది.

మాండా క్యాబేజీలు గుమ్మంలో వదిలేసి పరిగెత్తింది. మోకాళ్ళ మీద కూలబడి, దుప్పటి తీసి, కుర్చీ పక్కన నొక్కుకుపోయిన గొట్టాన్ని లాగి సరిచేసింది. మరో మాట లేకుండా కూతురి వీపు నిటారుగా ఎత్తి పట్టుకుంది. సంచి నిండడం వినిపించింది. కొంతసేపటికి సుత్తి దెబ్బలు నెమ్మదించాయి.

బెరిస్లావ్ రక్తపోటు పట్టీ తెచ్చి చూశాడు. ఇంకోసారి చూశాడు. అంకె దిగుతోందని రూఢి చేసుకున్నాక పట్టీ చుట్టి పెట్టాడు.

"చూశావా," అన్నాడు.

ఆ ఒక్క మాట అనకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో. అన్నాడు.

"చూశాను," అంది యాసెంకా. "గొట్టం మడతపడింది, అమ్మ సరిచేసింది. రేపూ మడతపడుతుంది. ఎల్లుండీ పడుతుంది. దానికీ నువ్వు నా పేరు రాసి పంపడానికీ సంబంధం ఏమిటి?"

మాండా గుమ్మంలో దొర్లిపోయిన క్యాబేజీలు ఏరడానికి వెళ్ళింది. చాలాసేపు ఇంట్లో క్యాబేజీలు సంచిలో పడే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

రెండింటికి పది నిమిషాల ముందు విన్కో కుర్చీ తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, తెల్ల మీసాలు, ఆ మీసాల మధ్య నుంచి సన్నటి గొట్టం. చెల్లెలు కట్టిన గుడ్డసంచి మెడలో వేలాడుతోంది. అతను గొట్టం పెదవి పక్కకు తోసి ముగ్గురి ముఖాలూ చూశాడు. ఎవరైనా పోయారా అని అడిగాడు.

"గంట కింద పోబోయాను," అంది యాసెంకా. "ఆగాను."

"మంచిపని. మాండక్కా, ఈ సంచి విప్పు. మా ఇద్దరికీ కలిపి చేతులు నువ్వే."

మాండా బెరిస్లావ్ వైపు చూసింది. అతను అయితే రెండు నిమిషాల్లో బిగించగలడు. అతను కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. మాండా కళ్ళజోడు పెట్టుకుని సంచి విప్పింది.

చెప్పడం విన్కో, చెయ్యడం మాండా. ఆ తీగ కాదక్కా అని అతను, ఏ తీగో సరిగ్గా చెప్పి ఏడవమని ఆమె. క్యాబేజీ తరిగే దానికి స్క్రూలు ఏం తెలుస్తాయని అతనంటే, పడవ లోంచి సరిగ్గా దిగడం రాని నీకేం తెలుసని ఆమె అంది. విన్కో పగలబడి నవ్వాడు. మాండా నవ్వలేదు గాని తీగ సరైన చోట గుచ్చింది. తర్వాత వెనక స్విచ్ కూతురి వైపు తిప్పి, కుర్చీ చిన్న తెర మీద విన్కో చెప్పిన బటన్లు ఒక్కొక్కటీ నొక్కింది. గొట్టం వంచి కూతురి పెదవుల దగ్గర పెట్టింది.

"గుర్తుందా?" అన్నాడు విన్కో. "గట్టిగా ఊదితే ముందుకు. ఊదాక పోతూనే ఉంటుంది. ఆగాలంటే గట్టిగా పీల్చు, ఆగాక మళ్ళీ అలాగే పీలిస్తే వెనక్కి. మెల్లగా ఊదితే కుడికి, మెల్లగా పీలిస్తే ఎడమకి."

గుర్తుంది. ఆస్పత్రిలో మొదటి నెలల్లో ఇచ్చింది ఈ గొట్టమే. గొట్టం నోట్లో ఉంటే మాట్లాడటానికి ఉండదు, మాట్లాడితే నడపడానికి ఉండదు. అందుకే విసిగిపోయి అప్పుడు గడ్డం పిడికి మారింది.

మొదటిసారి ఊదింది చాలలేదు. రెండోసారి కుర్చీ దూకినట్టు పోయి చెప్పుల అరను గుద్దుకుంది. పీల్చింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఊదింది. హాలు చివరి దాకా పోయి, తిరిగి, బల్ల కాలు గీరుకుంటూ వచ్చింది. తనకు ఇది పట్టుబడటానికి మూడు వారాలు పట్టిందన్నాడు విన్కో. ఆమె దగ్గర మూడు పావుగంటలున్నాయి.

ఆమె నోట్లో గొట్టం ఉన్నప్పుడే బెరిస్లావ్ మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పటి దాకా ఆగాడో, అదే కుదిరిందో.

శుక్రవారం ఫోను వచ్చినప్పుడు లేతు ఆపకుండానే పరిగెత్తానన్నాడు. దారి పొడుగునా ఆమె చచ్చిపోయిందనే అనుకున్నానన్నాడు. పట్టాల పక్కన ఆమె కూర్చుని, ఎవరో ఇచ్చిన నీళ్ళు తాగుతూ, తనను చూసి ముఖం తిప్పుకుందన్నాడు.

కుర్చీ హాలు చివర తిరిగింది.

"ఏడేళ్ళ నుంచి రోజూ రాత్రి మూడుసార్లు లేచి నిన్ను పక్కకు తిప్పుతున్నాను. విసుక్కున్నానా? ఆస్ట్రియాలో పని వస్తే వద్దన్నాను. నీకు చెప్పానా? ఇంత చేస్తే, ఉద్యోగం అని నాకు ఒక్క మాట చెప్పలేదు నువ్వు. మెయిల్లో చదివి తెలుసుకోవాల్సి వచ్చింది. నువ్వు పొద్దున పోయి సాయంత్రం వస్తే నేనేం చెయ్యాలి ఈ ఇంట్లో? నాకు వచ్చిన పని నువ్వొక్కదానివే. నేను అడ్డం పడతాననుకున్నావు, అందుకే చెప్పలేదు. అంతేగా?"

యాసెంకా గట్టిగా పీల్చింది. కుర్చీ అతని ముందు ఆగింది. పెదవులతో గొట్టాన్ని పక్కకు తోసింది.

"అడ్డం పడ్డావు కదా," అంది.

గొట్టం మళ్ళీ అందుకుంది.

మూడు దాటి పది నిమిషాలకు ఆమె గుమ్మం దగ్గరుంది. మాండా కోటు కప్పి, మెడకు ఉన్ని గుడ్డ చుట్టి, సంచి గొట్టం ఇంకోసారి చూసింది. తాను కూడా వస్తానని అనబోయి ఆగింది. సాయంత్రానికి చేపల పులుసు పెడతానంది.

యాసెంకా వాలు దిగి వీధిలోకి వచ్చింది. పది గజాలు పోయాక వెనక బూట్ల చప్పుడు వినిపించింది. ఆమె తల అంత వెనక్కి తిరగదు. కుర్చీ వెనక స్విచ్ ఉంది. ఎవరైనా చెయ్యి చాచి ఒక్కసారి తిప్పితే తాను ఎంత ఊదినా కుర్చీ కదలదు. ఆపింది.

"వెనక నడవకు," అంది గొట్టం వదిలి. "పక్కకి రా. నీ చేతులు నాకు కనిపించాలి."

బెరిస్లావ్ పక్కకు వచ్చాడు. కోటు జేబుల్లోంచి చేతులు తీశాడు. దారంతా అలాగే, చేతులు కిందికి వదిలేసి నడిచాడు. పట్టాల దగ్గర ఆమె ఎదురుగా వచ్చే ట్రామ్‌ను పోనిచ్చింది. ఈసారి గాడిని అడ్డంగా, సూటిగా కోస్తూ దాటింది. చక్రం ఒక్కసారి దడదడలాడింది. అతని చెయ్యి తెలియకుండానే లేచింది. ఆమె కంటి కొసతో చూసింది. చెయ్యి దిగిపోయింది.

డిపోలో పాత డ్రైవర్లు ఇద్దరు గుర్తుపట్టి టోపీలు ఎత్తారు. నియంత్రణ గది తలుపు వెడల్పు సరిపోయింది. గోడ గడియారం నాలుగుకి పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

బ్లాజెన్కా పొట్టిగా, తెల్లజుట్టుతో ఉంది. కుర్చీ తలుపు లోంచి తనంతట తాను వచ్చి బల్ల ముందు ఆగడం చూసింది. ఇంకోసారి బయటికి వెళ్ళి రమ్మంది. యాసెంకా వెళ్ళి వచ్చింది. సరేనని తలూపి సొరుగు లోంచి కాగితం తీసింది.

"ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను," అంది. "చింపడానికి లేదు. రిజిస్టర్లో ఎక్కింది, ముద్ర పడింది. ఇది మీది కాదని మీరు వాంగ్మూలం ఇవ్వాలి. మీరు చెప్పండి, నేను రాస్తాను, సాక్షి సంతకం పెడతాను. అయితే మీరు రాయకపోతే ఎవరు రాశారో అది కూడా రాయాలి. డైరెక్టర్ దీన్ని లీగల్ వాళ్ళకి పంపుతారు. ఒకరి పేరుతో ఇంకొకరు ఉత్తరం పంపడం చిన్న విషయం కాదు."

బెరిస్లావ్ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు ఇంకా ఆమెకు కనిపించేలాగే ఉన్నాయి. గోరు సందుల్లో లేతు నూనె నల్లగా ఉంది. ఆ వేళ్ళే పొద్దున ఆమె పట్టీలు బిగించాయి. అతను ఏదో చెప్తాడని ఆమె ఆగింది. తానే చెప్పుకుంటాడేమోనని ఆగింది. అతను గోడ గడియారం వైపు చూశాడు.

"ఎవరో తెలియదని రాయమంటారా?" అంది బ్లాజెన్కా మెల్లగా. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "అలా కూడా రాయవచ్చు."

గడియారం ముల్లు ఒక గీత కదిలింది.

యాసెంకా గొట్టాన్ని పెదవి పక్కకు తోసింది. ఇప్పుడు నడపక్కర్లేదు.

"తెలుసు," అంది. "రాసుకోండి. పేరు బెరిస్లావ్. నాకు భర్త."